సంతకానికి పిలిచినాము, మాటకు పిలవలేదు

కినత్తుకడవులో మా తాత కట్టిన పెంకుటిల్లు అమ్మి ఏడాది దాటింది. పొన్మలై వేలాయుధస్వామి గుడి వాకిట్లోంచే కనపడే ఇల్లు. ఊళ్లో ఎవరు కలిసినా "ఎంతకు పోయింది?" అనే అడుగుతారు. ఎంత మిగిలింది అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. మన తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇట్లా తాళం వేసిన ఇల్లు ఒకటి ఉంటుంది. అందుకే మేము పడిన పాటు చెప్తున్నాము.

కంటికి కనపడే ఖర్చు మొదట. బ్రోకరుకు నూటికి రెండు, అది అందరికీ తెలిసిందే. తెలియనిది కాగితాల ఖర్చు. పాత పత్రంలో తాత పేరు చివర నాయుడు ఉంది, పట్టాలో లేదు. ఇద్దరూ ఒకరే అని రుజువు చేసుకోవాల్సి వచ్చె. వారసత్వ సర్టిఫికేటు, విల్లంగం, మూలపత్రం నకలు, ఒక్కోదానికి ఒక్కో తిరుగుడు. సెలవు పెట్టి బెంగళూరు నుంచి వచ్చిన తమ్ముడి రైలు ఛార్జీలు కూడా ఖర్చేనని లెక్క రాసేటప్పుడు తెలిసింది.

తర్వాత పన్ను. తాత ఎప్పుడో కట్టిన ఇల్లు కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. సరే బాగుంది అనుకొంటిమి. కానీ ఆ విలువ అప్పటి సర్కారు గైడ్‌లైన్ ధరను దాటకూడదంట. పల్లెల్లో ఆ ధర బహు తక్కువ. కాబట్టి వచ్చిన సొమ్ములో చాలా భాగం లాభంగానే లెక్క పడింది. 2024 జులై 23 తర్వాత అమ్మితే లాభం మీద 12.5 శాతం, పాత ఆస్తికి, ఇక్కడే ఉండేవాళ్లైతే, ధరల పెరుగుదల లెక్కగట్టి 20 శాతం కట్టే దారి కూడా ఉంది, ఏది తక్కువైతే అది. అమెరికాలో ఉండే మా అన్నకు ఆ రెండో దారి లేదు. పైగా విదేశంలో ఉండేవాళ్ల వాటాకు కొనేవాళ్లు ముందే పన్ను పట్టుకోవాలి. తక్కువ పట్టుకోమని ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందుగా సర్టిఫికేటు తెచ్చుకోకపోతే, లాభం మీద కాదు, మొత్తం వాటా ధర మీదే పట్టేస్తారు. అన్న అది తెచ్చుకోలేదు. రిటర్ను వేసి డబ్బు వెనక్కి వచ్చేదాకా ఆగినాడు. మీ ఇంట్లోనూ బయటదేశంలో ఉండేవాళ్లు ఉంటే అడ్వాన్సు తీసుకునే ముందే ఈ పని చూడండి.

డబ్బు పోయినది ఇంతే. అసలు దెబ్బ వేరే తట్టు నుంచి తగిలింది.

మా ఇద్దరు అత్తలకు వాటా ఉందని మాకు లాయరు చెప్పేదాకా తెలియదంటే నమ్ముతారా? ఆడపిల్లలకు ఆస్తి హక్కు తమిళనాడులో 1989లో వచ్చింది, దేశమంతా 2005లో వచ్చింది అని మా ఇంట్లో మగవాళ్లంతా బట్టీ పట్టినారు. అవి ఉమ్మడి ఆస్తికి. తాత స్వంత సంపాదనతో కట్టిన ఇల్లు, ఆయన వీలునామా రాయకుండా పోయినాడు. అట్లాంటప్పుడు 1956 చట్టం ప్రకారమే భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. అంటే మా జేజి బతికున్న రోజుల్నుంచీ అత్తలు ఆ ఇంటికి యజమానులే. మేము మాత్రం ధర ఖాయం చేసుకొని, అగ్రిమెంటు రాసుకొని, చివర్లో ఫోన్ చేసినాము: "అత్తా, సోమవారం వచ్చి సంతకం పెట్టిపో."

పెద్దత్త వచ్చింది, సంతకం పెట్టింది, తన వాటా తీసుకుంది. వెళ్లేటప్పుడు ఒకే మాట అనింది: "సంతకానికి పిలిస్తిరి గాని, మాటకు పిలవలేదే నాయనా." ఆ సంక్రాంతికి రాలేదు. వచ్చినా ఎక్కడికి వస్తుంది? ఆ ఇల్లు లేదు కదా.

దీన్ని మనసు బరువు అని తీసేసేవాళ్లు ఉంటారు. మా అభిప్రాయం అది కాదు. విశ్వనాథ నాయకుడి కాలంలో వచ్చినామని పెద్దలు చెప్పుకొనే మన వాళ్లకు బడి తెలుగు ఎప్పుడూ సరిగ్గా లేదు. ఉన్నచోట కూడా 2006 చట్టం తర్వాత ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. మిగిలింది ఇంట్లో మాట. మా పిల్లలు కోయంబత్తూరు ఫ్లాట్లో తమిళం, ఇంగ్లీషు మాట్లాడుతారు. ఏడాదికి రెండుసార్లు ఆ వాకిట్లో పడుకొని, జేజి పోయినాక పెద్దత్త నోట కథలు విన్నప్పుడే నాలుగు తెలుగు ముక్కలు అంటుకొనేవి. ఆ వాకిలి ధర మేము ఏ కాలంలోనూ వేయలేదు. ఇలవేల్పు పెట్టె ఇప్పుడు చిన్నాయన ఫ్లాట్లో వాషింగ్ మెషీన్ పక్కన ఉంది. పూజకు అందరికీ చోటు చాలక వంతులు వేసుకొని పోతున్నాము. రుబ్బురోలు ఎవరికీ పట్టక పాతసామాను కొట్టుకు పోయింది, దాన్ని మోయించడానికి మేమే కూలి ఇచ్చినాము.

అమ్మొద్దని చెప్పడం లేదు. కురిసే పైకప్పు, ముగ్గురు వారసులు మూడు దేశాల్లో ఉంటే నిలబెట్టుకోవడం కష్టమే. కానీ అమ్మకం ధరలోంచి కొంత పక్కన పెట్టి, ఏడాదికి ఒకసారి అందరూ చేరే చోటికి, భోజనాలకు వాడుకుందామని ముందే రాసుకొని ఉండొచ్చు. వాటాలు పంచినాక అడిగితే ఎవరి చేతి నుంచీ రాలేదు. మేము అడిగి చూసినాము.

ఇప్పుడు టమోటా మార్కెట్టు దాటినాక ఉండే తోట, అందులోని మోటారు గది మాట వచ్చింది. ఇద్దరు బ్రోకర్లు అప్పుడే ఫోన్ చేసినారు. వాళ్లకు ఇంకా బదులు చెప్పలేదు. ముందు పెద్దత్త ఇంటికి పోయినాము. కాఫీ ఇచ్చింది, తోట సంగతి మాత్రం చిన్నత్తను కూడా పిలిచినాకే మాట్లాడదాం అనింది. వచ్చే ఆదివారం పోతాము.