షష్టిపూర్తి ఆయనది... మరి ఆమె అరవయ్యేళ్ల మాటేమిటి?

మనిళ్లల్లో షష్టిపూర్తి అంటే ఎవరిది? అయ్యగారిది! ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై సంవత్సరాలూ తిరిగి, పుట్టిన ఏడాది పేరు మళ్లీ వచ్చిందని సంబరం చేస్తాం. 1965లో వచ్చిన విశ్వావసు 2025 ఉగాదికి తిరిగొచ్చింది. ఆ చక్రం ఆడవాళ్లకి మాత్రం తిరగదా? తిరుగుతుంది. కానీ పట్టుచీర కట్టుకుని పీటల మీద కూర్చునేది ఆయన అరవయ్యేళ్లకి. కొన్నేళ్ల తర్వాత ఆమె అరవై వస్తుంది, ఆమే వండిన పాయసంతో వెళ్లిపోతుంది.

అసలు ఆ తరంలో చాలామందికి పుట్టినరోజే సరిగ్గా తెలీదు. "గోదావరి పుష్కరాలు వచ్చిన ఏడు, శ్రావణమాసంలో" అంటారు. బడిలో మాస్టారు తోచిన తేదీ రాస్తే అదే ఆధార్‌లోకీ ఎక్కింది.

ఈమధ్య కొందరు ఆడవాళ్లు యాభైకో అరవైకో అక్కచెల్లెళ్లతో, చిన్ననాటి స్నేహితురాళ్లతో కలిసి మూడు రోజులు ఏ సింగపూరో, బ్యాంకాకో వెళ్లొస్తున్నారు. వినగానే మూతులు విరిచేవాళ్లూ ఉన్నారు. "ఈ వయసులో ఇదేం సరదా? కాశీకి వెళ్లి రావచ్చుగా!" అని. నన్నడిగితే మాత్రం, వెళ్లడమే మంచిదంటాను.

"అమ్మ ఫారిన్ చూడకపోవడమేమిటి, ఆర్నెల్లు అమెరికాలో ఉండొచ్చిందిగా" అంటారు పిల్లలు. నిజమే, ఉంది. కూతురి పురుడుకి వెళ్లింది. పథ్యం వండింది, పసిబిడ్డకి స్నానాలు పోసింది, ఊరగాయలు పెట్టింది. కారు నడపడం వస్తే తప్ప గడప దాటలేని చోట కిటికీలోంచి మంచు చూసింది. అది ప్రేమతో చేసిన చాకిరీయే కావచ్చు, ప్రయాణం మాత్రం కాదు. తన కోసం ఎవరూ ఆకలితో ఎదురుచూడని ఊళ్లో మూడు పూటలు గడపడం వేరు.

సింగపూర్ సంగతే చూడండి. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానంలో దాదాపు నాలుగున్నర గంటలు. దిగాక మెట్రో రైలెక్కితే ఎవర్నీ బతిమాలక్కర్లేదు. 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన బొటానిక్ గార్డెన్స్‌లో పొద్దున్నే ఊరికే నడవొచ్చు, టికెట్ లేదు. లోపలున్న ఆర్కిడ్ తోటకి మాత్రం డబ్బు కట్టాలి. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది, ఇడ్లీ కాఫీ దొరుకుతాయి. రాత్రి గార్డెన్స్ బై ద బేలో పెద్ద పెద్ద ఇనుప చెట్ల మీద దీపాల ఆట చూసి, నలుగురు ఆడవాళ్లు నవ్వుకుంటూ నడిచి బసకి రావొచ్చు. మన ఊళ్లో రాత్రి తొమ్మిదింటికి వీధి చివరకి వెళ్లాలన్నా తోడు వెతుక్కునే మనకి ఇది చిన్న సంగతేం కాదు.

డబ్బు మాటా తీసెయ్యలేం. అందరికీ అందే సరదా కాదిది. అప్పు చేసి వెళ్లమని ఎవరూ చెప్పరు. సింగపూర్ కాకపోతే అరకు, అదీ కాకపోతే పక్క జిల్లాలో ఉన్న చెల్లెలి ఊరు. కానీ ఫంక్షన్ హాలూ భోజనాలూ రిటర్న్ గిఫ్టులకి వెనకాడని ఇంట్లో, అమ్మ ప్రయాణం దగ్గరికొచ్చేసరికే పొదుపు ఎందుకు గుర్తొస్తుంది? ఆమె పెన్షనో, చీటీ డబ్బో ఉంటే అది ఆమె ఇష్టం కాదా?

"మరి నాన్నగారో?" అంటారా? ఆయనతో వెళ్తే తప్పేమీ లేదు. అయితే ఆయన మాత్రల డబ్బా, ఆయన ఫలహారం, ఆయన కోపతాపాలు ఆమె సంచిలో సర్దకూడదు! ఇద్దరూ వెళ్లే ప్రయాణాలు ఇంకెన్నో ఉంటాయి. ఈ ఒక్కటి ఆమె పిలిచినవాళ్లతో వెళ్లనివ్వండి.

వెళ్లదలిస్తే ముందు కాగితాలు. పాస్‌పోర్టుకి కనీసం ఆరు నెలల గడువుండాలి. 2016 డిసెంబరులో నిబంధనలు సడలించాక పాస్‌పోర్టుకి పెళ్లి సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆధార్‌లో ఒక తేదీ, పాన్‌లో ఒక తేదీ ఉంటే మాత్రం ముందే సరిచేయించుకోండి. సింగపూర్‌కి వీసా కావాలి. దిగేందుకు మూడు రోజుల ముందు నుంచీ రాకపోకల కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి, దానికి రుసుము లేదు. బీపీ, షుగరు మాత్రలకి డాక్టరు చీటీ దగ్గరుంచుకోండి. చూయింగ్ గమ్, గసగసాలు సంచిలో పెట్టొద్దు, అక్కడ నిషేధం. ప్రయాణ బీమా మరిచిపోవద్దు.

చివరిగా కొడుకులకీ కూతుళ్లకీ ఒక మాట. అమ్మకి "సర్‌ప్రైజ్" అంటూ మీరే ఊరు ఎంచి, తేదీ ఎంచి, టికెట్ చేతిలో పెట్టకండి. ఇన్నాళ్లూ ఆమె జీవితంలో చాలా సంగతులు అలాగే ఎవరో ఎంచి పెట్టినవే. ముందు అమ్మని అడగండి: నీ పుట్టినరోజు అసలు ఎప్పుడు? ఎక్కడికెళ్లాలనుంది? ఎవరితో? ఆ మూడింటికీ జవాబు ఆమె నోటి నుంచి వస్తే చాలు. సామాను సర్దడం మీరు చెయ్యొచ్చు. ఆ మూడు రోజులూ ఇంట్లో వంట కూడా!