ల్యాప్‌టాప్ సలహాలు - మన ఐటీ పాండిత్యం

"ఏ ల్యాప్‌టాప్ కొనాలి?" అని చుట్టాలెవరైనా అడిగితే చాలు, మనకి పూనకం వచ్చేస్తుంది. కోర్లు, గిగాహెర్ట్జులు అంటూ దంచేస్తాం. "అసలు నీ పనేంటి?" అని ఒక్కడూ అడగడు. నేనూ అడగలేదు.

తెనాలిలో మా పిన్ని కొడుకు శుభలేఖలు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాడు. చీటీ పాడిన డబ్బుతో వాడిచేత నేను ఆఫీసులో వాడే లాంటిదే కొనిపించా. వారం తిరక్కుండా ఫోను: "అన్నా, ఇందులో అను ఫాంట్లు ఎక్కట్లేదు!" అను స్క్రిప్ట్ మేనేజర్‌కి విండోస్ కావాలి. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, అవి లేకపోతే వాడి పాత ఫైళ్ళన్నీ పిచ్చిగీతలే. "యూనికోడ్‌కి మారిపోరా" అని నీతులు చెప్పడం నాకు తేలికే. అవతల పెళ్ళి ముహూర్తం ఆగుతుందా?

ఇక తెర. చవక ల్యాప్‌టాప్‌ల వివరాల్లో "45% ఎన్‌టీఎస్‌సీ" అని కనబడుతుంది. అంటే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో సుమారు 60-65 శాతమే. దాంట్లో కుంకుమరంగు చూసి ప్రింటుకి పంపితే ఏమొస్తుందో దేవుడికే ఎరుక. డిజైన్ పనికైతే ప్రాసెసర్ మీద కాస్త తగ్గించి తెర మీద పెట్టండి. ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటే తర్వాత పెంచుకోలేరు, ముందే 16 జీబీ తీసుకోండి.

"పాత సాఫ్ట్‌వేర్ పట్టుకు వేలాడుతున్నారు" అని వెక్కిరించే మిత్రులారా, బ్యాంకుల్లో కోబాల్ ఇంకా ఎందుకుందో ముందు చెప్పండి!

నా ల్యాప్‌టాప్ పాడైతే కంపెనీ ఇంకోటి ఇస్తుంది. వాడికి నేనిచ్చిన సలహా తప్పయింది, చీటీ మాత్రం నెలనెలా వాడే కడుతున్నాడు.