నడుముకి గుజ్జు అమ్ముతున్నారు

"గుజ్జు అరిగిపోయింది. స్టెమ్ సెల్ ఇంజక్షన్ చేయించుకుంటే మళ్లీ పెరుగుతుంది, ఆపరేషన్ తప్పుతుంది." శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో రైలెక్కి విశాఖలో స్కాన్ తీయించుకొచ్చిన వాళ్ల దగ్గర ఇప్పుడిదే మాట. ఆ స్టేషనున్న ఆమదాలవలసలో చదువుకున్నవాళ్లే దీన్ని ముందు నమ్ముతున్నారు.

ఆ స్కాన్ సంగతే చూద్దాం. నొప్పే లేని 3,110 మంది స్కాన్ల లెక్కలు 2015లో ఒకచోట చేర్చి చూశారు. ఇరవయ్యేళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్కులు, అంటే వెన్నుపూసల మధ్య గుజ్జు, అరిగాయి. ఎనభయ్యేళ్ల వాళ్లలో 96 శాతం. జుట్టు నెరిసినట్టే ఇదీ. రిపోర్టులో 'ఎల్4-ఎల్5' అని నడుం వెన్నుపూసల పేర్లు కనబడగానే మనకి గుండె జారిపోతుంది గానీ, నొప్పి అక్కణ్ణుంచే వస్తోందని ఆ కాగితం చెప్పదు.

సరే, అక్కణ్ణుంచే అనుకుందాం. డిస్కు నడిమధ్యకి రక్తనాళాలు లేవు. పైనా కిందా ఉన్న ఎముకల్లోంచి ఊరే పోషకాలతోనే అక్కడి కణాలు బతకాలి. ఉన్నవే తిండి చాలక చస్తున్న చోట కొత్తవి పోస్తే ఏం తిని బతుకుతాయి? ఆస్ట్రేలియా కంపెనీ మెసోబ్లాస్ట్ ఇలాంటి ఇంజక్షన్‌తోనే 404 మంది మీద మూడో దశ ట్రయల్ చేసింది. నొప్పి తగ్గాలి, పని చేసుకోగలగాలి అని పెట్టుకున్న ఉమ్మడి లక్ష్యం అందలేదని 2021లో తానే ప్రకటించింది. కొందరికి నొప్పి తగ్గిన ఆనవాళ్లు చూసి మరో ట్రయల్ మొదలెట్టింది. పరిశోధన అంటే అదీ! మన దగ్గర మాత్రం తేలకముందే బిల్లు వేస్తున్నారు.

"మా పిన్నికి తగ్గిందండీ" అంటారు. తగ్గే ఉంటుంది. నడుం నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది.

డిస్కు అరుగుదలకి అనుమతి ఉన్న స్టెమ్ సెల్ చికిత్స మన దేశంలో లేదు. 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల ప్రకారం ట్రయల్‌లోనే ఇవ్వాలి, అక్కడ రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు అడిగారంటే అది వ్యాపారమే. కాలు చచ్చుబడినా, మూత్రం పట్టు తప్పినా ఇంజక్షన్ల చుట్టూ తిరక్కుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి.

దీర్ఘకాలపు నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వ్యాయామం చెప్పింది, నడుం బెల్టు వద్దంది. మరి మిల్లుల్లో బస్తాలు మోసే కళాసీల మాటేమిటి? మగమనిషి మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మన ధాన్యం బస్తా అంతకు మించితే ముందు దాన్ని తగ్గించండి.