జిహ్వచాపల్యమా?

"నోరు కట్టుకోలేరా?" అని బరువు పెరిగినవారిని గద్దించడం మా వైద్యులకు పాత అలవాటు. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. తలవంచుకొని విన్న ఆ ముఖాలు గుర్తొస్తే ఇప్పుడు సిగ్గనిపిస్తుంది. ఆ గద్దింపులో శాస్త్రం కన్నా అహంకారమే ఎక్కువ.

గంజాయి తాగినవాడికి ఆకలి విజృంభిస్తుందన్నది లోకానికి ఎప్పుడో తెలుసు. ఆ గంజాయి సారాన్ని అందుకొనే సీబీ1 గ్రాహకపు నిర్మాణం మాత్రం 1990లోగాని తేలలేదు. 1992లో దేహం తానుగా తయారుచేసుకొనే అటువంటి పదార్థమే ఒకటి దొరికింది. మన సంస్కృత 'ఆనంద' శబ్దాన్ని తీసుకొని దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారు. పేరు ఊరికే పెట్టలేదు మరి.

2011లో కాలిఫోర్నియా పరిశోధకులు ఎలుకలచేత కొవ్వుద్రవం తాగించి, జీర్ణం కాకముందే కడుపులోంచి బయటికి తీసేశారు. నాలుకకు కొవ్వు తగిలినందుకే చిన్నపేగులో ఈ పదార్థాలు పెరిగాయి; చక్కెరకు, మాంసకృత్తులకు పెరగలేదు. పేగులోని గ్రాహకాలను అడ్డుకోగానే ఎలుకలు తాగడం తగ్గించాయి. ఇంకా తినమని పేగే ఆజ్ఞాపిస్తుంటే, బజ్జీల పళ్లెం ముందు కూర్చున్నవాడి శీలాన్ని శంకిస్తామా?

ఎలుక మనిషి కాదు కదా అంటారు. సరే. 2016లో షికాగోలో యువకుల నిద్రను నాలుగున్నర గంటలకు కుదించి చూశారు. ఈ కోవకే చెందిన 2-ఏజీ వారి రక్తంలో పెరిగి, సాయంత్రం దాకా తగ్గలేదు. కడుపునిండా భోంచేసి కూడా వారు చిరుతిళ్లకు చేయి చాచారు. రాత్రి డ్యూటీ చేసే బస్సు డ్రైవరును తిట్టేవారు ముందు అతని నిద్ర లెక్క అడగాలి.

అయితే ఆ గ్రాహకానికి తాళం వేస్తే పోదా అని ఆశపడ్డవారూ ఉన్నారు. రిమోనబాంట్ అనే మాత్ర 2006లో ఐరోపాలో అమ్మకానికి వచ్చింది. బరువు నిజంగానే తగ్గింది, ఏడాదికి నాలుగైదు కిలోలు. కాని అదే గ్రాహకం మెదడులో మనోస్థితిని కూడా చూసుకుంటుంది. దిగులు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు బయటపడ్డాయి. అమెరికా అనుమతించనే లేదు. ఐరోపా 2008లో అమ్మకాలు నిలిపివేసింది. మన దేశం 2009లో నిషేధించింది.

"ఆకలిని ఆపేస్తాం, దుష్ఫలితాలు లేవు" అన్న కరపత్రం మొన్న ఉదయం కూడా మా గేటుకు వేలాడుతూ కనిపించింది. అందులో ఏముందో రాయలేదు. అడుగుదామంటే అచ్చువేసినవాడి చిరునామా కూడా లేదు.