ఇంట్ల అవ్వను చూసుకునుడు సుత కొలువే

మా బాపమ్మకు పచ్చవాతం వచ్చి ఏడాదిన్నర అయితుంది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయ్. అమ్మ, నాయిన పొద్దుగాల లేస్తే పొలం కాడ ఉంటరు. నేను హైదరాబాద్‌ల కొలువు చేస్తున్న. మరి బాపమ్మను లేపి కూసోబెట్టేదెవరు? పక్కబట్టలు మార్చేదెవరు? ఇది మా ఒక్క ఇంటి ముచ్చట కాదు. పోరగాళ్ళు పట్నం బట్టిన ఊర్లల్ల ఇంటింటికీ గిదే గోస.

ముందుగాల పట్నంల ఒక ఏజెన్సీ కాడికి పోయిన. నెలకు 22 వేలు, ఒక నెల కమీషన్ ముందే కట్టుమన్నరు. కడ్తే ఒక పిల్లను పంపిండ్రు. ఆ పిల్ల చేతికి వచ్చేది 13 వేలేనట! తొమ్మిదో రోజు ఇంటికాడ పనుందని పోయింది, మల్ల రాలె. కట్టిన కమీషనూ వాపస్ రాలె. అందరం ఆ పిల్లనే తిట్టుకున్నం. తర్వాత సోంచాయిస్తే సమజైంది. బాపమ్మ రాత్రి మూడుసార్లు లేస్తది. ఆ పిల్లకు తొమ్మిది రోజుల్ల ఒక్క రాత్రి కూడా సరిగ నిద్ర లేదు. పైకెళ్ళి వంట, బాసన్లు సుత ఆమెతోనే చేయించినం. నేనైతే నాలుగో రోజే పోతుంటి.

రెండోపారి మా ఊరి అక్కనే అడిగినం. ఆమె ఇంతకుముందు దవాఖానల ఆయాగ చేసింది. పని మంచిగ తెలుసు. నేను ఆదివారం ఇంటికి పోయినప్పుడు ఒకటి కండ్లవడ్డది. అక్క ఇంటికాడికెళ్ళి నీళ్ళ సీసా, చాయ్ గిలాస తెచ్చుకుంటుంది. ఎందుకంటే, మా అమ్మ ఆమెకు బయట గూట్లె వేరే గిలాస వెట్టింది. అక్క మాదిగోళ్ళ ఆడబిడ్డ. ఆమె ఏమనలె, తనది తను తెచ్చుకుంది.

‘‘అమ్మా, బాపమ్మ మూతి తుడిచేది, మందు మింగించేది ఆ చేతులే గదా? మరి గిలాస కాడికి వచ్చేసరికి ఏమైంది?’’ అని అడిగిన. ‘‘ఊరోళ్ళు ఏమంటరు బిడ్డా’’ అన్నది. అమ్మ ఒక్కరోజుల మారలె, నెల పట్టింది. ఇప్పుడు ఇద్దరు ఒక్క కాడ కూసొని చాయ్ తాగుతరు. గీ గిలాస ముచ్చట తేలకుంట ఎంత జీతం ఇచ్చినా పని సక్కగ నడవదు. చిన్నచూపు చూసిన ఇంట్ల ఏ మనిషి మనసుపెట్టి పని చేస్తది?

తర్వాత అక్కను పక్కన కూసోబెట్టుకొని ఒక కాయితం రాసుకున్నం. పొద్దున 8 నుంచి సాయంత్రం 6 దాక పని. నెలకు 12 వేలు, 5వ తారీఖు లోపల. ఆదివారాలు సెలవు, జీతం కోసుడు లేదు. లేటయితే గంటకింత అని వేరే పైసలు. రాత్రి చూసుకునుడు ఇంటోళ్ళ పని. అక్క పనేందంటే తానం, తిండి, మందులు, డాక్టర్ చెప్పిన కసరత్తు, రెండు గంటలకోపారి పక్క మలుపుడు. ఒక్క తీర్గనే పండుకుంటే నడుము కాడ పుండ్లు పడ్తయ్. అన్నం కూసోబెట్టే పెట్టాలె, పండవెట్టి పెడ్తే పొర వోతది. లేపేటప్పుడు ఇంకో మనిషి సాయం ఉండాలె, లేకుంటే అక్క నడుము పోతది. సూదులిచ్చుడు, మూత్రం పైపు మార్చుడు నర్సు పని, ఆమె మీద వెయ్యొద్దు. ఇంటిల్లిపాది బట్టలు, బాసన్లు ఆమె పని కాదు.

ఒక నోట్‌బుక్ సుత పెట్టినం. ఏం తిన్నది, ఏ మందు ఎప్పుడు ఏసుకున్నది, బీపీ ఎంత అన్నీ అండ్ల ఉంటయ్. ఎన్కపేజీల 108, డాక్టర్, నా నంబర్. బంగారం, పైసలు బీరువాల పెట్టి తాళమేసినం. రేపు ఏదన్న కండ్లవడకపోతే అక్క మీద మాట రావద్దు గదా!

ఇగ సర్కారు ముచ్చట. 2024 అక్టోబర్‌ల 70 ఏండ్లు దాటినోళ్ళందరికీ ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల దాక వైద్యం అన్నరు. మంచిదే. గని అది దవాఖానల చేరితేనే. ఇంట్ల మంచానవడ్డోళ్ళను చూసుకునే మనిషి జీతానికి రూపాయి రాదు. బాపమ్మ పింఛన్ 2,016 రూపాయలు డైపర్లకే సాలవు.

పనిచేసేటోళ్ళ దిక్కు చూస్తే ఇంకా అన్యాలం. ఇంటిపనోళ్ళకు సక్కటి చట్టం లేదని 2025 జనవరిల సుప్రీంకోర్టే అన్నది, కమిటీ ఎయ్యుమని కేంద్రానికి చెప్పింది. అదే ఏడాది నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్లు అమల్లకొచ్చినయ్. అయినా ఇంటిపనోళ్ళ కోసమే చేసిన ప్రత్యేక జాతీయ చట్టం రాలె. ఇంటిపనోళ్ళ హక్కుల మీద 2011ల వచ్చిన ఐఎల్‌వో 189వ ఒప్పందాన్ని మన దేశం ఇంకా ఆమోదించలె.

తమ్ముళ్ళూ, చెల్లెండ్లూ, మనం ఈ ముచ్చటల రెండు దిక్కులా ఉన్నం. అవ్వ, తాత కోసం మనిషిని పెట్టుకునేది మనమే. పట్నంల కేర్‌టేకర్లుగ పోయేది సుత మన అక్కచెల్లెండ్లే. 22 వేలల్ల 9 వేలు మధ్యల ఎటు పోతున్నయని అడగాల్సింది సుత మనమే. ఏజెన్సీలు సర్కారు కాడ రిజిస్టర్ కావాలె, కమీషన్‌కు హద్దు ఉండాలె. మండలంల మహిళా సంఘాలోళ్ళకు సర్కారు దవాఖానల్నే ఈ పని నేర్పితే, ఊరి కొలువు ఊర్లెనే దొరుకుతది. ముసలోళ్ళకు తెలిసిన మనిషి తోడు దొరుకుతది.

చట్టం వచ్చేదాక మన ఇంట్ల కాయితం మనం రాసుకోవచ్చు. రెండు కాపీలు రాయుండ్రి, ఒకటి ఆమెకియ్యుండ్రి. చదువు రాకుంటే సదివి వినిపించుండ్రి.