గీజర్ మార్చే ముందు ఒక్కసారి మూత విప్పి చూద్దాం

చలికాలం మొదలైతే హాస్టళ్లలో రెండే రెండు విషయాల మీద చర్చ. ఒకటి పరీక్షల టైమ్‌టేబుల్, రెండోది గీజర్. మొదటిదాని విషయంలో మనం చేయగలిగింది ఏమీ లేదు. రెండోదాని విషయంలో చాలా ఉంది, అయినా చేయం. ఫిర్యాదుల పుస్తకంలో "గీజర్ పాతదైపోయింది, కొత్తది పెట్టించగలరు" అని ఒక ముక్క రాసేసి చేతులు దులుపుకుంటాం. ఆ ముక్క ఎప్పుడూ తప్పే అని నేను అనట్లేదు. అది రాసే ముందు మూత విప్పి చూసినవాళ్లు ఒక్కరూ లేరు, నా బాధంతా అదే. నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివేవాళ్లం కూడా "పాతదైంది" అన్న మాటనే రోగనిర్ధారణ అనుకుంటే ఎలా?

నా వాదన చిన్నది. గీజర్ ఒకే వస్తువు కాదు. అది ఒక ట్యాంకు, దానికి తగిలించిన నాలుగైదు చిన్న భాగాలు. చిన్న భాగం పోతే రిపేరు చేయించాలి. ట్యాంకే పోతే గీజర్ మార్చేయాలి. వయసు రెండో ప్రశ్న, ఎక్కడ పాడైంది అన్నదే మొదటి ప్రశ్న.

మన బాత్‌రూముల్లో సాధారణంగా ఉండేది 15 లేదా 25 లీటర్ల స్టోరేజ్ గీజర్, 2000 వాట్ల హీటింగ్ ఎలిమెంట్. నీళ్లు అసలు వేడెక్కట్లేదంటే అనుమానితులు మూడే: ఎలిమెంట్, థర్మోస్టాట్, థర్మల్ కటౌట్. ఎలిమెంట్‌ని పట్టుకోవడానికి పెద్ద విద్య అక్కర్లేదు. 230 వోల్టులు, 2000 వాట్లు అన్నప్పుడు రెసిస్టెన్స్ సుమారు 26 ఓమ్‌లు రావాలి. మెయిన్ ఆఫ్ చేసి, వైర్లు విడదీసి, మల్టీమీటర్ పెడితే ఆ దరిదాపుల్లో చూపిస్తే ఎలిమెంట్ బతికున్నట్టే. ఏమీ చూపించకపోతే లోపల తీగ తెగినట్టు. మొదటి సంవత్సరం ల్యాబ్‌లో మనం రికార్డు కోసం తీసిన రీడింగే ఇది. ఇక కటౌట్ పని ఏంటంటే, థర్మోస్టాట్ మొరాయించి నీళ్లు మరీ వేడెక్కితే కరెంటు ఆపేయడం. చాలా మోడళ్లలో దానికి ఒక చిన్న రీసెట్ బటన్ ఉంటుంది. ఒకసారి నొక్కితే పనిచేసిందా, సంతోషం. మళ్లీ మళ్లీ పడిపోతోందంటే మాత్రం బటన్ నొక్కుతూ కూర్చోకూడదు, థర్మోస్టాట్ మార్చాలి. ఈ భాగాల ఖర్చు మామూలుగా వందల్లో ఉంటుంది, కొత్త గీజర్ ఖర్చు వేలల్లో.

"లీకవుతోంది" అన్నది ఇంకో పెద్ద అపార్థం. గీజర్ కింద నీటి చుక్కలు కనిపించగానే ట్యాంకుకు చిల్లు పడిందని తీర్మానించేస్తాం. కానీ నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి కదా. 25 డిగ్రీల నీళ్లు 60 డిగ్రీలకు చేరితే ఘనపరిమాణం దాదాపు 1.4 శాతం పెరుగుతుంది. 15 లీటర్ల ట్యాంకులో అది సుమారు 200 మిల్లీలీటర్లు, అంటే ఒక గ్లాసు. ఇన్‌లెట్ దగ్గర నీళ్లు వెనక్కి వెళ్లకుండా వాల్వు ఉంటే ఆ గ్లాసు నీళ్లకు దారి ఉండదు. అప్పుడు సేఫ్టీ వాల్వు తెరుచుకుని చుక్కలుగా వదులుతుంది. అంటే గీజర్ స్విచ్ వేసినప్పుడు మాత్రమే, ఆ వాల్వు దగ్గర మాత్రమే చుక్కలు పడుతుంటే అది రోగం కాదు, ఆరోగ్యం. ఆ చుక్కలు చికాకుగా ఉన్నాయని వాల్వుకి బిరడా కొట్టేవాళ్లు ఉంటారు, అసలు ప్రమాదం అక్కడుంది. మూసిన ట్యాంకులో పెరిగే ఒత్తిడికి ఉన్న ఒక్క దారినీ మూసేస్తే ఏమవుతుందో మెకానికల్ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు విలన్ దగ్గరికి వద్దాం. మన బోరు నీళ్లు. తాగే నీటిలో మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిదనీ, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఫర్వాలేదనీ భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతుంది. మన దగ్గర చాలా బోర్లలో నీళ్లు ఎంత కఠినమో బకెట్ అంచున పేరుకున్న తెల్లటి పొరని అడగండి, చెబుతుంది. నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడి తగలగానే విడిపోయి, కాల్షియం కార్బొనేట్‌గా మారి, ఎలిమెంట్ మీద సుద్దలా గట్టిపడుతుంది. ఆ పొర వేడిని సరిగ్గా బయటికి పోనివ్వదు. నీళ్లు ఆలస్యంగా వేడెక్కుతాయి, లోపల ఎలిమెంట్ మాత్రం మాడిపోతుంది. చివరికి దాని తొడుగు పగిలి కరెంటు నీళ్లలోకి దిగుతుంది. "నీళ్లు ముట్టుకుంటే జివ్వుమంటోంది" అన్న ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. ఇలాంటప్పుడు మాత్రం రెండో ఆలోచన వద్దు. వెంటనే ఎంసీబీ దించేసి, ఎలిమెంట్ మార్చి, ఎర్తింగ్ పరీక్షించేదాకా ఆ బాత్‌రూముకి తాళం వేయాలి.

పొర ఇంకా పలచగా ఉన్నప్పుడే ఎలిమెంట్ బయటికి తీసి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టి, కడిగి పెడితే అది మళ్లీ కొన్నాళ్లు నడుస్తుంది. ఇంజనీరింగ్ కెమిస్ట్రీలో "బాయిలర్ ట్రబుల్స్" అని స్కేల్, స్లడ్జ్‌లకి తేడా బట్టీ కొట్టి పది మార్కులు తెచ్చుకున్నాం గుర్తుందా? ఆ పాఠం మన తల మీదే గోడకు వేలాడుతోంది.

అదే పుస్తకంలో ఇంకో పాఠం ఉంది, శాక్రిఫిషియల్ ఆనోడ్. స్టీలు ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల గాజులాంటి ఎనామిల్ పూత వేస్తారు. ఎంత బాగా వేసినా ఎక్కడో ఒకచోట సూదిమొన అంత సందు ఉంటుంది. అక్కడ తుప్పు మొదలవకుండా లోపల ఒక మెగ్నీషియం కడ్డీ పెడతారు. ఇనుము ప్రమాణ పొటెన్షియల్ మైనస్ 0.44 వోల్టులు, మెగ్నీషియానిది మైనస్ 2.37. కాబట్టి ముందు మెగ్నీషియం కరుగుతుంది, ట్యాంకు బతుకుతుంది. ఈ ఉపాయం కొత్తదేమీ కాదు. ఓడల అడుగున వేసే రాగిరేకులు సముద్రపు నీటికి తినేయబడకుండా ఇనుము, జింకు ముక్కలు తగిలించవచ్చని 1824లోనే హంఫ్రీ డేవీ బ్రిటిష్ నౌకాదళానికి చూపించాడు. రాగి నిజంగానే కరగడం మానేసింది. తమాషా ఏంటంటే, రాగి కరగకపోయేసరికి సముద్రపు నాచూ గుల్లలూ హాయిగా అతుక్కోవడం మొదలుపెట్టి ఓడలు నెమ్మదించాయి, నౌకాదళం ఆ పద్ధతిని వదిలేసింది. మన గీజర్‌లో ఆ సమస్య లేదు. ఉన్న సమస్య ఒక్కటే, ఆ కడ్డీ అక్కడ ఉందని ఎవరికీ తెలియదు. అది పూర్తిగా కరిగిపోయాక ట్యాంకు వంతు వస్తుంది. తక్కువ ఖర్చుతో మార్చగలిగే కడ్డీని పట్టించుకోనందుకు మొత్తం గీజరే పోతుంది. మన "పాతదైపోయింది" వెనక ఉన్న కథ చాలాసార్లు ఇదే.

దీనికి జనం బద్ధకమే కారణం అనుకోను. అమెరికాలో క్యాంపర్ వ్యాన్లు, ట్రైలర్లు ఉన్నవాళ్లని చూడండి. వాటిలో చిన్న వాటర్ హీటర్ ఉంటుంది, ఎక్కువగా 6 గ్యాలన్లు, అంటే మన లెక్కలో దాదాపు 23 లీటర్లు. అక్కడ శీతాకాలంలో నీళ్లు గడ్డకట్టి ట్యాంకు పగిలిపోతుంది కాబట్టి బండి పక్కన పెట్టే ముందు హీటర్ ఖాళీ చేసి తీరాలి. స్టీలు ట్యాంకు ఉన్న కొన్ని రకాల్లో నీళ్లు వదిలే బిరడాకే ఆనోడ్ కడ్డీ బిగించి ఉంటుంది. అంటే నీళ్లు వదలాలంటే కడ్డీ బయటికి రావాల్సిందే. ముప్పాతిక వంతు కరిగిపోయి ఉంటే కొత్తది బిగిస్తారు. అల్యూమినియం ట్యాంకు రకాలకైతే ఆ కడ్డీ గొడవే లేదు. ఇందులో అమెరికావాళ్ల గొప్పతనం ఏమీ లేదు. ఏడాదికోసారి చూడక తప్పని పరిస్థితిని వాతావరణమూ డిజైనూ కలిసి తెచ్చిపెట్టాయి. మనకు చలి అంత లేదు. గీజర్ గోడ మీద ఎత్తున ఉంటుంది, ట్యాంకు ఖాళీ చేసి, కింద ఫ్లాంజి విప్పితే గానీ కడ్డీ కనపడదు. కనపడనిది గుర్తుండదు. కాబట్టి మనం ఆ అలవాటును కావాలని చేసుకోవాలి.

"కొత్తది కొంటే కరెంటు బిల్లు తగ్గుతుంది కదా" అని అడుగుతారు. కొంచెం లెక్క వేద్దాం. 15 లీటర్ల నీళ్లను 25 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 0.6 యూనిట్ కావాలి, 2000 వాట్ల ఎలిమెంట్‌కి 18 నిమిషాల పని. ఈ లెక్క పాత గీజర్‌కైనా కొత్తదానికైనా దాదాపు ఒకటే, ఎందుకంటే ఎలిమెంట్ తీసుకున్న కరెంటంతా వేడిగానే మారుతుంది. స్టోరేజ్ గీజర్ల మీద ఉండే స్టార్లు చెప్పేది వేడి చేయడం గురించి కాదు, వేడెక్కిన నీళ్లు ఊరికే నిలవ ఉన్నప్పుడు పోయే వేడి గురించి. రోజంతా ఆన్‌లో ఉంచేవాళ్లకు ఆ స్టార్లు నిజంగా డబ్బు మిగులుస్తాయి. 20 నిమిషాలు వేసి, స్నానం చేసి, ఆపేసేవాళ్లకు మిగిలేది చాలా తక్కువ. కొత్త గీజర్ కన్నా ముందు స్విచ్ ఆపే వేలు కావాలి మనకి.

అలాగని పాతదాన్ని పట్టుకుని వేలాడమని చెప్పట్లేదు. ట్యాంకు బాడీ నుంచే నీళ్లు కారుతుంటే, ట్యాప్‌లో ఎర్రటి తుప్పు నీళ్లు వస్తూ అది పైపులది కాదని తేలితే, విడిభాగాలు దొరకని మోడల్ అయితే, ఒకే ఏడాదిలో మూడోసారి రిపేరుకి వస్తే మార్చేయండి. చిల్లుపడ్డ ట్యాంకుకి ఎంసీల్ పెట్టి నడిపించడం పొదుపు కాదు, మొండితనం. రిపేరు పక్షాన మాట్లాడేవాళ్లే ఈ మాట ముందు చెప్పాలి.

ఇంత చిన్న విషయానికి ఇంత గోల ఎందుకంటారా? గీజర్ పాడైన రోజు నుంచి కొత్తది వచ్చే రోజు దాకా హాస్టల్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ప్రతి గదిలో మంచం కింద నుంచి ఇమ్మర్షన్ రాడ్ బయటికొస్తుంది. ప్లాస్టిక్ బకెట్, తడి నేల, ఎర్త్ పిన్ లేని ఎక్స్‌టెన్షన్ బోర్డు, పరీక్షకి టైమ్ అయిపోతోందన్న తొందర. స్విచ్ ఆపకుండా నీళ్లలో వేలు పెట్టి చూసేవాళ్లు ప్రతి ఫ్లోర్‌లో ఒకరైనా ఉంటారు. కొత్త గీజర్ అంటే ఇండెంట్, కొటేషన్లు, సంతకాలు, నెలలు. థర్మోస్టాట్ మార్చడం అంటే ఒక మధ్యాహ్నం. ఆ తేడా అంతా మనం రాడ్లతో గడిపే రోజులే. రిపేరా, కొత్తదా అన్నది ఇక్కడ డబ్బు ప్రశ్న మాత్రమే కాదు.

వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో "రిపేరు హక్కు" మీద ఒక కమిటీ వేసింది, అదే డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచింది. మంచిదే. కంపెనీలు విడిభాగాలు, మాన్యువల్స్ ఇవ్వాలి అని మనమూ అడగాలి. అయితే ఏం పాడైందో తెలుసుకోవాలన్న కుతూహలం లేనివాడికి ఆ హక్కు వల్ల ఒరిగేదేమీ లేదు. మన క్యాంపస్ ఎలక్ట్రీషియన్ అన్నలకి ఈ విద్య చేతుల్లో ఉంది. మన దగ్గర సూత్రాలున్నాయి. ఈ రెండూ ఒకే నిచ్చెన దగ్గర కలవట్లేదు, అదే లోటు.

అందుకే ఒక ప్రతిపాదన. ఏటా దసరా సెలవులకు ముందు ఒక శనివారం, ఎలక్ట్రికల్, మెకానికల్ విద్యార్థులు కొందరు ఎలక్ట్రీషియన్ అన్నతో కలిసి ఒక్కో బ్లాకు తిరగాలి. విప్పేది ఆయనే, మనం చూసి నేర్చుకుని రాసుకుందాం: ఎలిమెంట్ రీడింగ్ ఎంత, పొర ఎంత, కడ్డీ ఎంత మిగిలింది, ఎర్తింగ్ ఉందా, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే పడుతోందా. ఆ వివరాలు ఒక అట్టముక్క మీద రాసి గీజర్‌కి కట్టేద్దాం. వచ్చే ఏడాది జూనియర్లు దాన్ని చూసి మిగతాది పూర్తి చేస్తారు. అప్పుడు ఫిర్యాదుల పుస్తకంలో "పాతదైపోయింది" అని కాకుండా "రెండో ఫ్లోర్, ఎడమవైపు గీజర్, థర్మోస్టాట్ పోయింది" అని రాయగలుగుతాం. వార్డెన్ గారికి మొదటి వాక్యం చూస్తే బడ్జెట్ గుర్తొస్తుంది, రెండోది చూస్తే స్క్రూడ్రైవర్ గుర్తొస్తుంది. వేడినీళ్లు త్వరగా రావాలంటే ఏది రాయాలో మీరే చెప్పండి.