నిగనిగ సీసాలో దొరకదు
తెరియాకీ సాల్మన్ చేస్తామంటూ ఆ పేరున్న చిక్కటి సాస్ సీసా కొనుక్కొచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. ఆ సీసాల్లో చాలామటుకు కార్న్‌ఫ్లోర్, వెల్లుల్లి, బోలెడు చక్కెర. జపాన్ ఇళ్లలో ఈ పాకానికి కావాల్సినవి నాలుగే: సోయా సాస్, మిరిన్ (వంటకి వాడే తియ్యటి బియ్యపు సారా), సాకే (బియ్యపు సారా), కాస్త చక్కెర. మొదటి మూడూ సమపాళ్లు, చక్కెర అందులో ఒక పాలుకి సగం. నిజానికి అక్కడ తెరియాకీకి పేరుమోసిన చేప బురి. సాల్మన్‌ని ఉప్పు పట్టించి కాల్చి, అన్నంలో నంజుకోవడమే పాత అలవాటు. అయినా సాల్మన్ కొవ్వుకి ఈ తీపి, ఉప్పదనం బాగా కుదురుతాయి, కాదనను. నాకు మింగుడుపడనిది మరొకటి: మన చేపల వేపుడుకి కారం పట్టించినట్టు కొందరు ముక్కల్ని గంటలకొద్దీ సాస్‌లో నానబెడతారు. దాంతో ముక్క లోపల ఉడికేలోపే పైన చక్కెర మాడుతుంది. తడి లేకుండా తుడిచి, తోలు వైపు పెనం మీద వేసి, అది కరకరలాడేదాకా కదపకూడదు. తిరగేశాక పెనంలో ఊరిన కొవ్వుని టిష్యూతో అద్దేయాలి. బద్ధకించారా, పాకం ముక్కకి పట్టకుండా జారిపోతుంది. అప్పుడు పోయాలి సాస్. మొదట చిన్న బుడగలు చిటపటలాడతాయి, కాసేపటికి పెద్దవై, మెరుస్తూ, తీరిగ్గా పగులుతాయి. ఇక చెంచాతో ముక్క మీద పోస్తూనే ఉండాలి, ఫోన్ మోగినా సరే. కాస్త పలచగా ఉండగానే దించేయండి, చల్లారితే ఎలాగూ చిక్కబడుతుంది. మిరిన్ దొరక్కపోతే సాకేలో ఇంకొంచెం చక్కెర కలపండి. ఆ రుచి రాదు గానీ, సీసా సాస్ కంటే వెయ్యిరెట్లు నయం.